యూఎస్‌బీ డాక్ (డీఏసీ), హెడ్‌ఫోన్ యాంప్ తక్కువ ఖర్చులో: లెక్కగట్టి కొనడం ఎలా

రాజమండ్రిలో ఉండే మా బాబాయ్ రిటైరయ్యాక పాత రేడియో కచేరీల రికార్డింగులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నారు. పొద్దున్నే కాఫీ తాగి హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటే మళ్లీ టిఫిన్‌కే లేవడం. ఒకరోజు ఫోన్ చేసి, "ఒరేయ్, తంబురా వెనకాల ఏదో సన్నగా కీచుమంటోందిరా. మౌస్ కదిపితే ఎక్కువవుతోంది, వదిలేస్తే తగ్గుతోంది. నా చెవులకేమైనా అయ్యిందంటావా?" అన్నారు.

"చెవులకేం కాలేదు బాబాయ్, హెడ్‌ఫోన్ ఎక్కడ పెట్టారు?" అని అడిగాను. సీపీయూ డబ్బా ముందువైపున్న జాక్‌లో పెట్టారు. షాపులో అడిగితే పన్నెండు వేల రూపాయల సౌండ్‌కార్డు వేయించుకోమన్నారట.

యూఎస్‌బీలో గుచ్చి దానికి హెడ్‌ఫోన్ పెట్టుకునే బొటనవేలంత డాంగిల్ ఒకటి కొరియర్‌లో పంపాను. వెయ్యి రూపాయలు, అటూఇటూ. ఆ తర్వాత మౌస్ ఎంత తిప్పినా తంబురా తంబురాలాగే వినిపించింది. కారణం తేలికైనదే. ముందువైపు జాక్‌కు మదర్‌బోర్డు నుంచి ఒక సన్నటి వైరు డబ్బా లోపల అడ్డదిడ్డంగా వెళ్తుంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు పనిచేసేటప్పుడు పుట్టే కరెంటు ఒడిదుడుకులు ఆ వైరులోకి దూరతాయి. డాంగిల్ పెడితే సంకేతం డబ్బా దాటి బయటికొచ్చేదాకా అంకెల రూపంలోనే ఉంటుంది. అంకెల్లోకి ఆ కీచుశబ్దం చొరబడలేదు.

ఈ వస్తువులు కొనేటప్పుడు చాలామంది చిప్పు పేరు, యూట్యూబ్‌లో పొగడ్తలు చూసి డబ్బు పెట్టేస్తారు. నేను ఇక్కడ గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే: ముందు మీ హెడ్‌ఫోన్‌కు ఎన్ని వోల్టులు, ఎన్ని మిల్లీవాట్లు కావాలో లెక్క వేసుకోండి. ఆ రెండు అంకెలు చేతిలో ఉంటే సగం టెన్షన్ పోతుంది. చాలామందికి ఖర్చు కూడా సగం తగ్గుతుంది.

డాక్, యాంప్ అంటే ఏమిటి

పాట ఫైల్ అంటే అంకెల వరస. సీడీ నాణ్యత అంటే ఒక్కో ఛానల్‌కు సెకనుకు 44,100 అంకెలు (దీన్నే 44.1 కిలోహెర్ట్జ్ అని రాస్తారు), ఒక్కో అంకెకు 16 బిట్లు. ఈ అంకెలను హెచ్చుతగ్గులుండే వోల్టేజీగా మార్చేది డాక్ (డీఏసీ, డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్). ఆ వోల్టేజీ హెడ్‌ఫోన్‌ను కదిలించేంత కరెంటు మోయగలిగేలా చేసేది యాంప్. డాంగిల్‌లో ఈ రెండూ ఒకే చిప్పులో ఉండొచ్చు, బల్లమీద పెట్టే పెట్టెలో విడివిడిగా ఉండొచ్చు. మీ ఫోన్ స్పీకర్ మోగుతోందంటే అందులోనూ ఈ రెండూ ఉన్నట్టే. మనం బయట కొనేది వాటికంటే మెరుగైనదో, లేక కంపెనీ తీసేసిన జాక్‌కు బదులో.

మెట్టు 1: అసలు కొనాల్సిన అవసరం ఉందా?

బ్లూటూత్ ఇయర్‌బడ్స్ మాత్రమే వాడేవాళ్లకు ఇది అక్కర్లేదు. వాటి డాక్, యాంప్ చెవిలో పెట్టుకునే ముక్కలోనే ఉంటాయి. ఫోన్‌కు ఎంత మంచి డాంగిల్ తగిలించినా వాటికి దాంతో సంబంధం ఉండదు. టైప్‌సీ పిన్‌తోనే వచ్చే ఇయర్‌ఫోన్లకూ అంతే, ఆ పిన్ దగ్గరో రిమోట్ ముక్కలోనో డాక్ ఉంటుంది.

వైరున్న హెడ్‌ఫోన్ ఉంటే, ఇప్పుడున్న జాక్‌తోనే మూడు చూడండి. ఒకటి, పాట ఆపేసి వాల్యూమ్ పెంచి వినండి. బుస్సుమనో, గుయ్యిమనో, మౌస్‌తో పాటు మారుతూనో శబ్దం వస్తోందా? రెండు, నెమ్మదైన వీణ రికార్డింగు పెట్టి వాల్యూమ్ పూర్తిగా పెంచితే, ఇంకొంచెం ఉంటే బాగుండు అనిపిస్తోందా? మూడు, అసలు జాకే లేదా? 2016లో ఐఫోన్ 7 జాక్ తీసేశాక మిగతా కంపెనీలూ ఒక్కొక్కటిగా అదే బాట పట్టాయి.

వీటిలో ఒక్కదానికైనా అవునంటే ముందుకు చదవండి. శబ్దమేమీ లేదు, వాల్యూమ్ సరిపోతోంది, జాక్ ఉంది అంటే మాత్రం డబ్బు జేబులోనే ఉంచుకోండి, లేదా మంచి హెడ్‌ఫోన్‌కు దాచుకోండి. పాట వినిపించే తీరును హెడ్‌ఫోన్ మార్చినంతగా ఏ డాక్ మార్చదు. మూడు వేల హెడ్‌ఫోన్‌కు ఎనిమిది వేల డాక్ కొనే ఆలోచన ఉంటే, దాన్ని తిరగేసి తొమ్మిది వేల హెడ్‌ఫోన్, రెండు వేల డాంగిల్ తీసుకోండి. వినగానే తేడా తెలుస్తుంది.

మెట్టు 2: హెడ్‌ఫోన్ డబ్బామీది రెండు అంకెలు

ఈ మెట్టు మీద కాస్త ఎక్కువసేపు కూర్చుందాం. మిగతా అన్నీ దీని మీదే నిలబడతాయి.

డబ్బా వెనకాలో, కంపెనీ పేజీలోనో రెండు అంకెలు వెతకండి. మొదటిది ఇంపెడెన్స్, అంటే కరెంటుకు హెడ్‌ఫోన్ చెప్పే అడ్డు, ఓంలలో ఉంటుంది: 16, 32, 80, 300 ఇలా. రెండోది సెన్సిటివిటీ, డెసిబెల్‌లో ఉంటుంది. పొరపాటు జరిగేది ఈ రెండోదాని దగ్గరే. కొందరు 1 మిల్లీవాట్ ఇస్తే ఎంత శబ్దం వస్తుందో రాస్తారు, కొందరు 1 వోల్ట్ ఇస్తే ఎంత వస్తుందో రాస్తారు. రెండూ డెసిబెల్ అనే ఉంటాయి, అందుకని పక్కపక్కన పెట్టి పోల్చేస్తాం. అది తప్పు. 32 ఓంల హెడ్‌ఫోన్‌కు 1 వోల్ట్ అంటే 31 మిల్లీవాట్లు. కాబట్టి అదే హెడ్‌ఫోన్‌కు వోల్ట్ లెక్కలో రాసిన అంకె, మిల్లీవాట్ లెక్కలో రాసినదానికంటే 15 డెసిబెల్ ఎక్కువ కనిపిస్తుంది. 16 ఓంలకైతే 18 ఎక్కువ, 300 ఓంలకైతే 5 ఎక్కువ.

ఎంత శబ్దం కావాలి? మామూలుగా వినేటప్పుడు సగటు 75 డెసిబెల్ చుట్టూ ఉంటుంది. మృదంగం మీద గట్టి దెబ్బ, సినిమా పాటలో ఒక్కసారిగా లేచే వయొలిన్ల గుంపు సగటు కంటే 20, 25 డెసిబెల్ పైకి వెళ్తాయి. ఆ శిఖరాలు చిట్లిపోకుండా రావాలంటే 110 డెసిబెల్ దాకా ఓపిక ఉన్న యాంప్ చాలు. 110 దగ్గర వినాలని కాదు, ఆ క్షణకాలపు దెబ్బలకు చోటు ఉండాలని.

లెక్కకు మూడు సూత్రాలు చాలు. మిల్లీవాట్లు రెట్టింపైతే 3 డెసిబెల్ పెరుగుతుంది. మిల్లీవాట్లు పదింతలైతే 10 డెసిబెల్. వోల్టులు రెట్టింపైతే 6 డెసిబెల్. మిల్లీవాట్ల నుంచి వోల్టులు కావాలంటే మిల్లీవాట్లను వెయ్యితో భాగించి, ఓంలతో గుణించి, వర్గమూలం తీయండి. ఫోన్‌లోని క్యాలిక్యులేటర్‌తో అయిపోతుంది.

మూన్‌డ్రాప్ చూ 2 అనే చవక ఇయర్‌ఫోన్ తీసుకుందాం. 18 ఓంలు, 1 వోల్ట్‌కు 119 డెసిబెల్. మనకు 110 చాలు, అంటే 9 డెసిబెల్ తక్కువ, అంటే వోల్ట్‌లో మూడో వంతు కంటే కొద్దిగా ఎక్కువ. లోకంలో దొరికే ఏ డాంగిల్ అయినా ఇది ఇస్తుంది. దీనికోసం పెద్ద యాంప్ కొంటే వాల్యూమ్ గుండీ మొదటి మలుపు కూడా దాటదు.

ఇప్పుడు సెన్‌హైజర్ హెచ్‌డీ 650. 300 ఓంలు, 1 వోల్ట్‌కు 103 డెసిబెల్. 110 కావాలంటే ఇంకో 7 డెసిబెల్, అంటే 2.2 వోల్టులు. మిల్లీవాట్లలో చూస్తే 17 కూడా కాదు. చూశారా, దీనికి కావాల్సింది వోల్టేజీ, పవర్ కాదు. "300 ఓంలా, దానికి వాట్లకు వాట్లు పవర్ కావాలి" అని చెప్పేవాళ్లు ఈ లెక్క వేసి ఉండరు. 1 వోల్ట్ డాంగిల్‌తో ఇది 103 దగ్గర ఆగుతుంది. సినిమా పాటలకు చాలామందికి అదీ సరిపోతుంది, నెమ్మదిగా రికార్డు చేసిన శాస్త్రీయ సంగీతానికి చాలదు. 2 వోల్టుల డాంగిల్‌తో 109 వస్తుంది, దానితో తృప్తిగా వినొచ్చు.

దీనికి పూర్తిగా ఎదురు హైఫైమ్యాన్ హెచ్‌ఈ400ఎస్‌ఈ. ప్లానార్ రకం (పల్చటి చదును పొర కదిలి శబ్దం చేసేది), 25 ఓంలే, కానీ 1 మిల్లీవాట్‌కు 91 డెసిబెల్ మాత్రమే. 110 కావాలంటే 19 డెసిబెల్ పెంచాలి, అంటే 80 మిల్లీవాట్లు. వోల్టులు 1.4 చాలు కానీ కరెంటు 56 మిల్లీయాంపులు లాగుతుంది. బలహీనమైన డాంగిల్ ఇక్కడ కరెంటు చాలక శిఖరాల దగ్గర చిట్లిపోతుంది. ఓంలు తక్కువ కాబట్టి తేలిక అనుకుని ఇలాంటివి కొన్నవాళ్లు తర్వాత "బేస్ లేదు, చప్పగా ఉంది" అని బాధపడటం చాలాసార్లు విన్నాను.

స్టూడియోల్లో బాగా కనిపించే బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 32, 80, 250 ఓంల రకాల్లో దొరుకుతుంది. సెన్సిటివిటీ 1 మిల్లీవాట్‌కు 96 డెసిబెల్. 110కి 25 మిల్లీవాట్లు కావాలి. 80 ఓంల రకానికి ఆ 25 మిల్లీవాట్లు ఇవ్వడానికి 1.4 వోల్టులు చాలు, 250 ఓంల రకానికి 2.5 వోల్టులు కావాలి. ఫోన్‌తో వినేవాళ్లు 250 తీసుకోవడంలో అర్థం లేదు.

మీ హెడ్‌ఫోన్‌కు ఈ లెక్క వేసి, వోల్టులు, మిల్లీవాట్లు ఒక కాగితం మీద రాసుకోండి. కొనేటప్పుడు ఆ కాగితం జేబులో ఉండాలి.

మెట్టు 3: ఏ ఫోన్, ఏ కంప్యూటర్?

మొబైల్ షాపుల్లో నూట యాభైకి దొరికే టైప్‌సీ జాక్ కన్వర్టర్లలో కొన్నింటిలో డాక్ ఉండదు, వైరు మాత్రమే ఉంటుంది. ఫోన్ లోపలి డాక్ నుంచి వచ్చే శబ్దాన్ని టైప్‌సీ పిన్ల ద్వారా బయటికి పంపే ఏర్పాటు ఉన్న ఫోన్లకే అవి పనిచేస్తాయి. మిగతావాటికి పెడితే మౌనం. నేను మొదట కొన్నది అలాంటిదే, పాట ఫోన్ స్పీకర్‌లోంచే మోగింది. షాపులో అడగాల్సిన మాట "ఇందులో డాక్ చిప్ ఉందా?" అని. వాళ్లకు తెలియకపోతే కొనకుండా రండి, లేదా అక్కడే మీ ఫోన్‌కు పెట్టి చూడండి.

యాపిల్ అమ్మే టైప్‌సీ డాంగిల్‌లో డాక్ ఉంది, కొలతల్లో చాలా శుభ్రంగా ఉంటుంది, 1 వోల్ట్ ఇస్తుంది. విండోస్, మ్యాక్, లైనక్స్ కంప్యూటర్లకు, టైప్‌సీ ఉన్న ఐఫోన్ 15, ఆ తర్వాతివాటికి ఆ ధరలో దీన్ని మించినది నాకు కనిపించలేదు. కానీ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో దీని శబ్దం సన్నగా వస్తుంది. డాంగిల్ లోపలి వాల్యూమ్‌ను ఆండ్రాయిడ్ పైదాకా తీసుకెళ్లదు, అదీ కారణం. యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో లాంటి యాప్‌తో ఆ ఇబ్బంది దాటొచ్చు, అయితే ఆ యాప్‌లో పాడే పాటలకే. ఆండ్రాయిడ్ వాడేవాళ్లు నేరుగా వేరే డాంగిల్ చూసుకోవడమే సుఖం.

ఇంకో చిన్న విషయం. ఈ యాపిల్ డాంగిల్‌లోనే యూరప్‌లో అమ్మే రకం సగం వోల్ట్ దగ్గరే ఆగిపోతుంది, అక్కడి వాల్యూమ్ నిబంధనల కోసం. అమెరికాలో అమ్మేదాని మోడల్ నంబరు ఏ2049, యూరప్‌ది ఏ2155. జర్మనీలోనో ఐర్లండ్‌లోనో ఉన్న మీ అబ్బాయితో తెప్పించుకునే ఆలోచన ఉంటే ఆ నంబరు చూడమని చెప్పండి.

విండోస్ 10కు 2017లో వచ్చిన క్రియేటర్స్ అప్‌డేట్ నుంచి యూఎస్‌బీ ఆడియో రెండో తరం డ్రైవర్ లోపలే ఉంది. పెట్టగానే పనిచేస్తుంది. మ్యాక్, లైనక్స్‌లకు ఆ దిగులు ముందునుంచే లేదు. ఇంట్లో ఇంకా విండోస్ 7 కంప్యూటర్ ఉంటే మాత్రం, కంపెనీ డ్రైవర్ ఇస్తోందో లేదో, లేదా డాంగిల్‌ను మొదటి తరానికి మార్చుకునే వీలుందో లేదో చూసి తీసుకోండి. మా బాబాయ్‌ది అలాంటి పాత కంప్యూటరే, అందుకే మొదటి తరం పద్ధతిలో పనిచేసేదే పంపాను. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ దాకా అది చాలు.

ఆండ్రాయిడ్ మామూలుగా శబ్దాలన్నిటినీ కలిపి 48 కిలోహెర్ట్జ్‌కు మార్చి పంపుతుంది. ఆండ్రాయిడ్ 14 నుంచి అలా మార్చకుండా పంపే వెసులుబాటు ఇచ్చారు, ఫోనూ యాపూ రెండూ దాన్ని వాడుకుంటేనే ఫలితం. దీనికోసం నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు, ఆ మార్పు చెవికి తెలియడం చాలా కష్టం.

ఆన్‌లైన్ క్లాసులు, ఆఫీసు మీటింగులు ఉన్నవాళ్లు మైక్ గురించి తప్పక చూడాలి. హెడ్‌ఫోన్ పిన్ మీద మూడు నల్ల గీతలుంటే మైక్ ఉన్నట్టు, రెండుంటే లేనట్టు. మంచి పేరున్న డాంగిళ్లలో కూడా కొన్నిటికి మైక్ పనిచేయదు. వివరాల పేజీలో మైక్ అనే మాట లేకపోతే, లేదనే అనుకోండి.

మెట్టు 4: ఏ తరగతి సరిపోతుంది?

మీ కాగితం మీద 1 వోల్ట్ లోపు, 20, 30 మిల్లీవాట్ల లోపు ఉంటే మొదటి తరగతి చిన్న డాంగిల్ చాలు. ఇయర్‌ఫోన్లు వాడేవాళ్లలో నూటికి తొంభైమంది ఇక్కడే ఆగిపోవచ్చని నా గట్టి నమ్మకం. వెయ్యి నుంచి రెండు వేల లోపు పని అయిపోతుంది. వైరు పీకి మార్చుకునే రకం దొరికితే అదే తీసుకోండి. ఈ డాంగిళ్లు చెడిపోయేది చిప్పు దగ్గర కాదు, టైప్‌సీ పిన్ మెడ దగ్గర. జేబులో పెట్టుకుని నడిచేటప్పుడు ఆ మెడ రోజుకు వందసార్లు వంగుతుంది.

1 వోల్ట్ దాటి 2 దాకా, లేదా 30 నుంచి 100 మిల్లీవాట్ల దాకా ఉంటే పెద్ద డాంగిళ్లు. మూన్‌డ్రాప్ డాన్ ప్రో మామూలు 3.5 ఎంఎం జాక్‌లో 2 వోల్టులు, 4.4 ఎంఎం బ్యాలెన్స్‌డ్ జాక్‌లో 4 వోల్టులు ఇస్తుంది. ఫియో కేఏ13 కూడా రెండు జాక్‌లున్నదే. ఇవి ఫోన్ బ్యాటరీని చిన్నవాటికంటే ఎక్కువ తింటాయి, కాస్త వేడెక్కుతాయి. వైరున్న హెడ్‌ఫోన్‌నే నడిచేటప్పుడు బ్లూటూత్‌తో, బల్ల దగ్గర యూఎస్‌బీతో వాడాలనుకునేవాళ్లకు క్యూడెలిక్స్ 5కే ఉంది. దాని సొంత బ్యాటరీ, యాప్‌లో పూర్తి ఈక్వలైజర్ ఉన్నాయి. హెడ్‌ఫోన్‌లో బేస్ కొద్దిగా తగ్గించాలి, పైస్వరాల చురుకు కొద్దిగా కోయాలి అనుకునేవాళ్లకు ఆ ఈక్వలైజర్ ఏ ఖరీదైన చిప్పుకంటే ఎక్కువ మేలు చేస్తుంది.

అంతకు మించి కావాలంటే, లేదా చేతికి ఒక వాల్యూమ్ గుండీ కావాలంటే, బల్లమీద పెట్టేవి. టాపింగ్ డీఎక్స్1, ఐఫై జెన్ డాక్, ఫియో కే11 లాంటివి. గుండీ కోసం కొనడం తప్పేమీ కాదు. మీటింగ్ మధ్యలో ఫోన్ మోగితే మౌస్‌తో వెతుక్కోకుండా చేత్తో తిప్పేయడం రోజూ ఉపయోగపడే సౌకర్యం. యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకునేవాటికి ఒక హద్దు ఉంది: మామూలు యూఎస్‌బీ 2 పోర్టు ఇవ్వగలిగేది 5 వోల్టుల దగ్గర అర యాంపు, అంటే రెండున్నర వాట్లు. హెడ్‌ఫోన్‌కు అది ఎక్కువే. కానీ అదే పోర్టు హబ్‌లో హార్డ్‌డిస్కు కూడా ఉంటే టకటకమనే శబ్దాలు రావొచ్చు, డాక్‌ను నేరుగా కంప్యూటర్‌కే పెట్టండి.

బ్యాలెన్స్‌డ్ జాక్ గురించి ఒక హెచ్చరిక. దానిలో ఎడమ, కుడి చెవులకు మైనస్ వైర్లు వేరువేరుగా ఉంటాయి. 4.4 నుంచి 3.5కు మార్చే చిన్న అడాప్టర్ కొని మామూలు హెడ్‌ఫోన్ పెడితే ఆ రెండు మైనస్‌లూ కలిసిపోయి యాంప్ షార్ట్ అవుతుంది, కాలిపోవచ్చు కూడా. మీ హెడ్‌ఫోన్‌కు వైరు ఊడదీసి మార్చే వీలు లేకపోతే ఆ జాక్ ఉన్నా లేనట్టే, దానికోసం ఎక్కువ పెట్టకండి.

మెట్టు 5: వివరాల పేజీ చదవడం

ముందుగా 32 ఓంల దగ్గర మిల్లీవాట్లు, 300 ఓంల దగ్గర వోల్టులు చూడండి. ఒక్క పెద్ద అంకె వేసి ఎన్ని ఓంల దగ్గరో రాయకపోతే ఆ అంకెను లెక్కలోకి తీసుకోకండి. అది బ్యాలెన్స్‌డ్ జాక్ అంకెనా, 3.5 జాక్ అంకెనా అన్నదీ చూడాలి. ప్రకటనలో పెద్దగా వేసేది ఎప్పుడూ బ్యాలెన్స్‌డ్‌దే.

తర్వాత అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే యాంప్ సొంత ఓంలు. హెడ్‌ఫోన్ ఓంలలో ఎనిమిదో వంతు లోపు ఉండాలన్నది పాతకాలం నుంచి వస్తున్న మంచి కొలమానం. 16 ఓంల ఇయర్‌ఫోన్‌కు 2 ఓంల లోపు. బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్లు (అదో రకం బుల్లి స్పీకర్లు, బ్యాలెన్స్‌డ్ జాక్‌తో సంబంధం లేదు) నాలుగైదు ఉన్న ఇయర్‌ఫోన్లకు ఇది మరీ ముఖ్యం. వాటి ఓంలు స్వరస్థాయిని బట్టి మారిపోతుంటాయి కాబట్టి, ఎక్కువ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఉన్న యాంప్ వాటి స్వరూపాన్నే మార్చేస్తుంది. అలాంటి ఇయర్‌ఫోన్లు అతి సున్నితమైనవి కూడా. పెద్ద యాంప్‌కు పెడితే పాట లేనప్పుడు బుస్సుమంటాయి, గెయిన్ (యాంప్ శబ్దాన్ని పెంచే మోతాదు) తగ్గించే స్విచ్ ఉన్నదే తీసుకోండి.

ఇక వదిలేయాల్సినవి. 768 కిలోహెర్ట్జ్ అని పెద్ద అక్షరాలతో వేస్తారు. మనిషి చెవి పైహద్దు 20 కిలోహెర్ట్జ్, వయసుతో అదీ తగ్గుతుంది. సెకనుకు 44,100 అంకెలతోనే సీడీ 22 కిలోహెర్ట్జ్ స్వరాల దాకా పట్టుకుంటుంది. పైగా మనం వినే తెలుగు పాటల్లో ఎక్కువ భాగం యూట్యూబ్‌లో కుదించిన రూపంలో విన్నవే, పాతవైతే టేపు మీద, మోనోలో రికార్డు చేసినవి. వాటిలో లేనిదాన్ని డాక్ పుట్టించలేదు. డీఎస్‌డీ అనే మరో ఆడియో ఫార్మాట్ కూడా అంతే. ఎంక్యూఏ అనే ఫార్మాట్ గుర్తు కోసం అయితే రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి, దాన్ని ముందుకు నడిపించిన టైడల్ అనే పాటల స్ట్రీమింగ్ సంస్థ 2024లో వదిలేసింది.

చిప్పు పేరు గురించి అడగనివాళ్లు లేరు. 2020 అక్టోబర్‌లో జపాన్‌లోని నొబెయోకాలో డాక్ చిప్పులు చేసే ఏకేఎం కంపెనీ కర్మాగారం తగలబడింది. ఆ కొరతలో చాలా కంపెనీలు తమ మోడళ్లలో ఏకేఎం తీసేసి ఈఎస్‌ఎస్, సిర్రస్ లాజిక్ చిప్పులు పెట్టుకున్నాయి. కొన్నిటికి పేరు కూడా పెద్దగా మారలేదు. చిప్పు చుట్టూ కట్టిన సర్క్యూట్, కరెంటు సరఫరా బాగుంటే ఏ చిప్పయినా బాగుంటుందని అప్పుడు అందరికీ తెలిసింది. "ఈఎస్‌ఎస్ చల్లగా, ఏకేఎం వెచ్చగా" అనే మాటలకు నేను విలువ ఇవ్వను.

తక్కువ ధరకు మంచి యాంప్ సాధ్యమేనని నిరూపించిన మనిషి ఒకరున్నారు, ఆయన పేరు ఎవరికీ తెలియదు. ఎన్‌డబ్ల్యూఏవీగై అనే మారుపేరుతో 2011లో ఓ2 అనే హెడ్‌ఫోన్ యాంప్ డిజైన్‌ను కొలతలతో సహా అందరికీ ఇచ్చేశారు, రెండు 9 వోల్టుల బ్యాటరీలతో నడిచేది. మరుసటి ఏడాది మౌనంగా వెళ్లిపోయారు. ఖరీదుకూ శుభ్రతకూ సంబంధం తప్పనిసరి కాదని మీటరు పెట్టి చూపించినందుకు ఆయనంటే నాకు ఈరోజుకీ గౌరవం.

మెట్టు 6: ఎక్కడ కొనాలి

సికింద్రాబాద్ సీటీసీలోనో, మీ ఊళ్లోని మొబైల్ షాపులోనో కొంటే ఒక లాభం ఉంది: సొంత హెడ్‌ఫోన్, సొంత ఫోన్ తీసుకెళ్లి అక్కడే వినొచ్చు. కానీ ఆడియో కోసమే తయారైన డాంగిళ్లు అక్కడ దొరకడం తక్కువ, ఆన్‌లైన్ మీదే ఆధారపడాలి. అప్పుడు అమ్మేది కంపెనీకి ఇక్కడి అధికారిక పంపిణీదారేనా, బిల్లు మీద వారంటీ ఉంటుందా, తిరిగి పంపే గడువు ఎన్నాళ్లు, ఈ మూడూ చూడండి. విదేశీ సైట్‌లో ధర తక్కువ కనిపించినా కస్టమ్స్ సుంకం, జీఎస్టీ కలిపితే తేడా కరిగిపోతుంది, చెడిపోతే తిరిగి పంపడం పెద్ద తలనొప్పి. యాపిల్ డాంగిల్‌కు నకిలీలు చాలా తిరుగుతున్నాయి, సగం ధరకు కనిపిస్తే ముట్టుకోకండి.

మెట్టు 7: ఇంటికొచ్చాక

మొదటిసారి పెట్టేటప్పుడు హెడ్‌ఫోన్ చెవికి పెట్టుకోకండి. కొత్త డాక్ తగిలించగానే కొన్ని కంప్యూటర్లు వాల్యూమ్‌ను 100 దగ్గర పెట్టేస్తాయి. పాట మొదలుపెట్టి, వాల్యూమ్ 10కి దించి, అప్పుడు పెట్టుకోండి. తర్వాత విండోస్ సౌండ్ సెట్టింగుల్లో కొత్త పరికరాన్ని ఎంచుకుని, ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపేసి, ఫార్మాట్ 24 బిట్ 48 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టి వదిలేయండి. ఎక్కువగా సీడీల నుంచి తీసిన ఫైళ్లు వింటే 44.1 పెట్టుకోండి.

గుయ్యిమనే శబ్దం వస్తే ముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. చార్జింగ్‌లో ఉన్నప్పుడు లోహపు ఒంటిని చేత్తో తాకితే జివ్వుమనే ల్యాప్‌టాప్‌లు మన ఇళ్లలో చాలా ఉన్నాయి. చార్జర్ నుంచి కొద్దిగా కరెంటు ఒంటికి చేరి, ఎర్తింగ్ సరిగా లేక ఎటూ పోక నిలబడటమే అది. చార్జర్ తీయగానే శబ్దం ఆగితే డాక్‌లో తప్పు లేదు. మూడు పిన్నుల ప్లగ్గును నిజంగా ఎర్త్ ఉన్న సాకెట్‌లో పెట్టండి, లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించుకోండి. ఇది పాటకంటే ముందు మనిషి భద్రతకు సంబంధించినది.

కొత్తది పాతదానికంటే నిజంగా బాగుందా అని చూసుకునే పద్ధతి చెబుతాను. రెండిట్లో ఏది కొంచెం ఎక్కువ మోగితే అదే బాగుందని చెవి అనుకుంటుంది, అందుకే ముందు వాల్యూమ్ సమానం చేయాలి. ఫోన్‌లో 50 హెర్ట్జ్ టోన్ ఫైల్ ఒకటి పెట్టుకోండి. కరెంటు పనులకు వాడే మల్టీమీటర్ ఆ 50 హెర్ట్జ్ కోసమే తయారైంది కాబట్టి సరిగ్గా కొలుస్తుంది. అయితే షాపుల్లో దొరికే చిన్న పసుపు మీటర్లలో ఏసీ రేంజ్ 200 వోల్టుల నుంచే మొదలవుతుంది, అది పనికిరాదు. ఏసీ మిల్లీవోల్టులు చూపించే మీటర్ కావాలి.

హెడ్‌ఫోన్ తీసేసి, ఒక పాత 3.5 వైరును డాంగిల్‌కు గుచ్చండి. అవతలి కొసనున్న పిన్ చివరి మొన మీద ఎర్ర ప్రోబ్, మొదట్లో ఉన్న పొడుగాటి భాగం మీద నల్ల ప్రోబ్ ఆనించండి. నేను చేసినప్పుడు చిన్న డాంగిల్ దగ్గర మీటరు 0.200 దగ్గర నిలబడేలా వాల్యూమ్ పెట్టాను. పెద్దది తగిలించి ఒక్కో మెట్టు కదుపుతుంటే 0.188, తర్వాత 0.211. ఆ మధ్యది దొరక్క ప్లేయర్ యాప్ లోపలి స్లైడర్‌తో సర్ది 0.200కు తెచ్చాను. అలా సమానం చేశాక, ఇంట్లో ఎవరినైనా చూడకుండా మార్చమని అడగండి, ఏది ఏదో చెప్పొద్దనండి. మీకు బాగా తెలిసిన పాట ఒకటే పెట్టుకుని పదిసార్లు గుర్తుపట్టండి. పదికి తొమ్మిదిసార్లు సరిగ్గా చెప్పగలిగితే తేడా నిజమే, ఎక్కువ పెట్టిన డబ్బుకు ఫలితం దక్కింది. ఐదారు దగ్గరే ఆగితే, తిరిగి పంపే గడువు ముగియకముందే పెద్దదాన్ని డబ్బాలో సర్దేసి వెనక్కి పంపించండి.